మేడం కన్ను తప్పలేదు

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. కూర గిన్నె మీద మూత పెట్టినంత సేపట్లో అనేసిన మాట. అన్నప్పుడు నాలుక తడబడలేదు. ఎందుకు తడబడలేదా అని ఇప్పటికీ భయమేస్తుంది. అప్పట్నుంచీ బట్టలు ఆరేస్తున్నా అదే, అన్నం కలుపుకుంటున్నా అదే, ఫోన్లో కూతురితో నవ్వుతూ మాట్లాడుతున్నా వెనకాల అదే. ఎన్నిసార్లో చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని.

పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకి చెబితే తిడతారు, లేదంటే ఊరడిస్తారు. నాకు రెండూ వద్దు. మధ్యలో లేచి వెళ్లిపోకుండా వినండి, చాలు.

మాది పెడన. కలంకారీ అద్దకాల ఊరు. మా నాన్న అద్దకం పనివాడు. పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు. నాకు పదేళ్లు వచ్చేసరికే పక్కన నిలబెట్టుకుని, పువ్వులకీ తీగలకీ మధ్య చుక్కలు నింపమనేవాడు. ఎక్కడా ఖాళీ ఉండకూడదు. "ఖాళీ కనపడిందంటే పనోడు కునుకు తీశాడనే లెక్కమ్మా" అనేవాడు. తర్వాత పెళ్లి, ఒక కూతురు, ఆయన పోవడం. వాటికీ దీనికీ సంబంధం లేదు, వదిలేద్దాం. ఇంటిపని వీసా మీద బహ్రెయిన్ వచ్చి, హమద్ టౌన్‌లో ఒక ఇంట్లో చేరాను. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఇది రాస్తున్నదీ ఆ ఇంట్లో కూర్చునే.

మేడం ఇక్కడి మనిషే. బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి మానేశారు. పెళ్లి చేసుకోలేదు. నన్ను పెట్టుకున్నది వాళ్లమ్మ కోసం. ఆ పెద్దావిడకి మతిమరుపు జబ్బు. మొదట్లో పొయ్యి మీద గిన్నెలు పెట్టి మర్చిపోయేవారట, ఆ తర్వాత ఇంటిదారి మర్చిపోయారట, నేను వచ్చేసరికి కన్నకూతుర్నే మర్చిపోయి ఉన్నారు. మేడం ఎదురుపడితే "ఈమె ఎవరు, ఎప్పుడు వెళ్లిపోతుంది?" అని నన్ను అడిగేవారు. మేడం గోడవైపు తిరిగి నిలబడేవారు. మూడేళ్లు ఆ పెద్దావిడకి స్నానం చేయించాను, గోరుముద్దలు తినిపించాను. ఆవిడ పోయిన రోజున మేడం నా చెయ్యి పట్టుకుని, "నాకు చావంటే భయం లేదు. ఇలా అయిపోతానేమోనని భయం" అన్నారు. నేను ఆ మాట మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇంత పాపం చెయ్యలేకపోయేదాన్ని.

ఇంటి వెనక కారు షెడ్డుని మేడం పనిగదిగా మార్చుకున్నారు. ఆవిడ చేసేదీ అచ్చుల పనే, కాకపోతే కాగితం మీద. నున్నటి చెక్కని కావలసిన ఆకారంలో కోసి, రోలరుతో రంగు పూసి, మీద కాగితం పరిచి, ప్రెస్సు చక్రం తిప్పితే అచ్చు పడుతుంది. మొదటిసారి ఊడవడానికి వెళ్లి చూశాను. ఇంత పెద్ద తెల్ల కాగితం. దాని మీద ఒక పక్కగా ఒక ఎర్ర పలక. అంతే. పువ్వు లేదు, పిట్ట లేదు, చుట్టూ అంచు కూడా లేదు. "దీని దుంపతెగ, దీనికా ఇంత హడావిడి? మా నాన్న చూస్తే నవ్వి చచ్చేవాడు" అనుకున్నాను.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. రోజూ ఊడుస్తూ చూసేదాన్ని కదా. ఆ పలకని ఒక వేలెడు ఎడమకి జరిపి ఇంకో కాగితం తీసేవారు. రెండూ పక్కపక్కన పెడితే ఒకదాంట్లో పలక కుదురుగా కూర్చున్నట్టుండేది, రెండోదాంట్లో జారి పడబోతున్నట్టుండేది. వేలెడు జరిపారు, అంతే! ఇంకేమీ మార్చలేదు. ఇదేం మాయరా బాబూ అని అక్కడే నిలబడిపోయేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, "మేడం, ఇది కుడిపక్కకి లాగుతున్నట్టుంది" అన్నాను. ఆవిడ నా చేతిలో చీపురు తీసుకుని గోడకి ఆనించారు. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు నన్ను పనిగదిలోకి రమ్మన్నారు.

ఆవిడ దగ్గర నేర్చుకున్నదంతా కలిపితే ఒక్కటే: తెలుపు కూడా బొమ్మే. రంగు పడ్డచోటు ఎంత పనో, పడనిచోటు కూడా అంత పని. తెలుపులో వేలిముద్ర పడిందా, ఆ కాగితం చెత్తబుట్టకే. కలంకారీలో ఒక చుక్క తప్పితే పక్కన ఇంకో చుక్క పెట్టి కప్పేస్తాం. ఇక్కడ ఉన్నదే ఒక ఆకారం, ఒక రంగు. దేన్ని పెట్టి దేన్ని కప్పుతావు? చెక్క కోయడం తప్ప రెండేళ్లలో అన్నీ వచ్చేశాయి నాకు. రోలరు పట్టడం, కాగితం చెమ్మ చూడటం, రంగు పలచనా చిక్కనా తేల్చడం. వంటగదిలోంచి ఆ బల్ల దగ్గరికి వచ్చాను. చూడటానికి వచ్చినవాళ్లతో "దీని కన్ను నా కంటికన్నా పదును" అనేవారు మేడం.

ఆ మాట మొదటిసారి విన్న రోజున సుగుణకి ఫోన్ చేసి మూడుసార్లు చెప్పాను. సుగుణ అమలాపురం వైపు మనిషి. నాలాగే ఇంటిపనికి వచ్చి, నయీమ్‌లో గది తీసుకుని ఉంటోంది. ఇక్కడ నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. "నీ కన్ను సరేగానీ, గిన్నెలు కూడా నువ్వే కదే తోముతున్నావ్?" అంది. నాకు కోపం వచ్చి ఫోన్ పెట్టేశాను. అంత ఎత్తున ఉన్నాను మరి.

ఆ ఏడు ఎండలు ముదిరేముందు మేడం ఒక ఎరుపుని పట్టుకున్నారు. పట్టుకున్నారనే అనాలి, ఆరు వారాలు దాని వెంటపడ్డారు. ఖర్జూరం పండీ పండకుండా ఉన్నప్పుడు తొక్క మీద రెండు రోజులు ఉంటుందే, ఎరుపూ కాదు, గోధుమా కాదు, అది. కొలతలు రాసుకునే అలవాటు ఆవిడకి లేదు. కంటితోనే కలుపుతారు. కత్తిమొనతో ఇంత, చూసి మళ్లీ ఇంత. చివరికి ఒక కాగితం తీసి, కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, కింద పెన్సిలుతో రెండు అరబ్బీ అక్షరాలు వేశారు. సరే అని దానర్థం. ఈ పనిలో ఆ ఒక్క కాగితమే చట్టం. తర్వాత తీసే ఇరవై అయిదూ అచ్చం దానిలాగే ఉండాలి. అన్నీ వచ్చాక నంబర్లు వేసి, సంతకాలు పెట్టి, ఇంకెవరూ ఇంకొకటి తియ్యకుండా చెక్క మీద కత్తితో అడ్డంగా గీసేస్తారు. అది ఆ పని మర్యాద.

అప్పుడే ముహరక్‌లో వాళ్లక్కకి ఆపరేషన్ అయింది. మేడం పదిరోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. కలిపిన రంగు సీసాలో ఉంది. సరే అన్న కాగితం గోడకి క్లిప్పులతో వేలాడుతోంది. తెల్ల కాగితాలు ముప్పై, దొంతరగా ఉన్నాయి. "యల్లా, కానివ్వు, ఇరవై అయిదూ నువ్వే తియ్యి. వచ్చి సంతకం పెడతాను" అన్నారు. అంతకుముందెప్పుడూ నన్ను ఒక్కదాన్నే తియ్యనివ్వలేదు. కారు వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. ఎంత మిడిసిపాటో!

శుక్రవారం సుగుణ దగ్గరికి వెళ్లాను. వెళ్లేముందు, రంగు వాసనకి తలనొప్పిగా ఉందని పనిగది కిటికీ తెరిచాను. పొద్దున రంగు చూసుకుని సీసా మూత పైపైన పెట్టాను, బిగించలేదు. మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. ఇక్కడి దుమ్ము మూసిన తలుపు సందుల్లోంచే దూరుతుంది, తెరిచిన కిటికీ దొరికితే ఇంక చెప్పాలా? వచ్చి చూసేసరికి మూత కింద పడి ఉంది, రంగు నిండా పలుకులు. మచ్చ లేని ఒకే ఒక్క రంగు పరవాల్సినచోట ఇసుక పలుకు పుండులా కనపడుతుంది. రంగంతా పారబోశాను.

అప్పటిదాకా జరిగింది పొరపాటే. పొరపాటుకి ఎవరూ ఉరి తీయరు. అప్పుడే ఫోన్ చేసి, "మేడం, కిటికీ తెరిచి పోయాను, రంగు పాడైంది" అని ఉంటే, అరగంట అరిచి, వచ్చి మళ్లీ కలుపుకునేవారు. గోడ మీద కాగితం ఉంది కదా, దాన్ని చూసి కలిపేవారు. నేను చెయ్యలేదు. నా కన్ను పదును కదా. నేనే కలుపుకుంటాను అనుకున్నాను.

కలిపాను. ఎరుపు, కొంచెం పసుపు, అగ్గిపుల్ల తలంత నలుపు. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. సరిపోయిందో లేదో తేల్చుకోవాలి. అప్పుడు నా చెయ్యి ఏం చేసిందో చెబుతాను, నవ్వకండి. పెడనలో కొత్తగా కలిపిన రంగు పాతదాంతో కలిసిందో లేదో చూడాలంటే, వేలికొసతో తీసి, అద్దిన గుడ్డ అంచు మీదే, పాత రంగు పక్కనే బొట్టు పెట్టి చూసేవాళ్లం. ఆ అంచు ఎలాగూ మడతలోకి పోతుంది, కుట్టులో కలిసిపోతుంది. మా నాన్న రోజుకి పదిసార్లు పెట్టేవాడు. నేనూ పెట్టేదాన్ని. అది ఆలోచించి చేసే పని కాదు, ముక్కు దురదపెడితే గోక్కోవడం లాంటిది. గోడ మీది కాగితం తీసి బల్ల మీద పెట్టాను. వేలితో రంగు తీశాను. ఎర్ర పలక పక్కన, తెలుపులో, బొట్టు పెట్టేశాను.

కందిగింజంత బొట్టు.

ఒక క్షణం దాకా ఏం చేశానో బుర్రకి అందలేదు. రంగు కలిసిందా లేదా అనే చూస్తున్నాను. అప్పుడు తెలిసింది. "ఓరి దేవుడో" అని పైకే అరిచాను. గుడ్డతో ఒత్తాను, జిడ్డుగా పాకింది. కిరసనాయిలు వాసనొచ్చే మందు ఒకటి ఉంటుంది, రోలర్లు తుడవడానికి, అది అద్ది రుద్దాను, ఇంకా పాకింది. ఇంకా రుద్దితే కాగితం నూగుగా లేచిపోయింది. ఆరు వారాలు ఆవిడ వెతికింది ఆ ఒక్క కాగితంలోనే ఉంది. సీసాలో రంగు పోయింది, కొలతలు ఎక్కడా లేవు.

కాగితాన్ని వంటగదిలోకి తీసుకెళ్లి గ్యాసు పొయ్యి మీద కాల్చేశాను. మందపాటి కాగితం, తొందరగా అంటుకోలేదు. మూల పట్టుకుని తిప్పి తిప్పి కాల్చాను. బూడిద సింకులో పోసి నీళ్లు వదిలాను.

ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఎన్నాళ్లుగానో నాకు నేనే చెప్పకుండా దాచుకున్నది. కాల్చేముందు ఆ బొట్టునీ ఆ పలకనీ పక్కపక్కన చూశాను కదా, తేడా నాకు కనిపించిందా? "కనిపించలేదు, రెండూ ఒకటే అనుకున్నాను" అని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. కనిపించింది. నాది ఒక్క పిసరు నల్లన. ఇంకొంచెం ఎరుపు కలిపి సరిచెయ్యొచ్చు, కానీ ఎంత కలపాలో చెప్పే కాగితాన్ని అప్పటికే కాల్చేశాను. పెడనలో ఈరోజు అద్దిన రంగు ఉడకబెట్టాక ఇంకోలా తేలుతుంది కదా, ఇదీ ఆరితే తేలికపడుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. కాగితం మీది ఇంకు అలా మారదని నాకు తెలుసు. రెండేళ్లుగా చూస్తున్నదాన్నే.

ఇరవై ఆరు కాగితాలు తీశాను. నిజం చెప్పాలంటే బాగా వచ్చాయి. ఇరవై ఆరోదాని కింద, మేడం పాత పనుల మీద ఉన్న ఆ రెండక్షరాలు చూసి, పెన్సిలుతో వేశాను. నాకు అరబ్బీ చదవడం రాదు. నాకవి అక్షరాలు కావు, ఆకారాలు. ఏ వంపు ఎంత, ఏ చుక్క ఎంత దూరం, అది చూసి వేశాను. ఆవిడ నేర్పిన చూపుతోనే వేశాను. దాన్ని గోడకి తగిలించాను.

పదోరోజున మేడం వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా పనిగదిలోకి వెళ్లారు. దొంతర తిరగేశారు. మురిసిపోయారు. తర్వాత గోడ మీది కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మేమిద్దరం హిందీలో మాట్లాడుకుంటాం, ఇక్కడి పాతతరం వాళ్లలో చాలామందికి వచ్చు. మన మాటల్లో రాస్తాను.

"ఇది నేను సరే అన్న కాగితమేనా?"

"ఇదే మేడం."

"నల్లగా ఉంది."

"ఇదే మేడం. కింద మీ అక్షరాలు ఉన్నాయి కదా."

"అక్షరాలు నావే. రంగు నాది కాదు."

చూశారా? ఆ తేడా నూరుమందిని నిలబెట్టి చూపిస్తే ఒక్కరు పట్టుకోలేరు. ఆవిడ పదిరోజులు ఆసుపత్రిలో నిద్రలేకుండా ఉండి వచ్చి, చెప్పులతో నిలబడి, పట్టేశారు. అంతటి కన్ను. దండం పెట్టాల్సింది ఆ కంటికే. నేనేమన్నానో తెలుసా?

"ముహరక్ వెళ్లేముందు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయారు కదా మేడం. రంగు కూడా అలాగే మర్చిపోయారేమో."

అదీ ఆ మాట. పాలు పొంగించనివాళ్లెవరు? ఆ నెలలో నేనే రెండుసార్లు మాడగొట్టాను. కానీ ఆ ఇంట్లో పొయ్యి మీద గిన్నె మర్చిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. తెలిసే అన్నాను. నోరు జారి కాదు. ఎక్కడ కొడితే మనిషి పడిపోతుందో చూసుకుని మరీ కొట్టాను.

మేడం స్టూలు మీద కూర్చున్నారు. కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత పెన్సిలు ఇమ్మన్నారు. ఇరవై అయిదింటి మీదా సంతకం పెట్టారు. ఒక్కోదాని మీద పెట్టేముందు నావైపు చూశారు, పెట్టనా అన్నట్టు. చెక్క మీద అడ్డంగా గీసేశారు. నేను వెళ్లి టీ పెట్టాను.

ఎందుకు చేశాను? వీసా పోతుందని, పంపేస్తారని, కూతురి చదువు ఆగిపోతుందని భయపడ్డానని చెప్పుకునేదాన్ని. సుగుణకీ అదే చెప్పాను. కానీ మేడం నన్ను పంపేసే మనిషి కాదు. అది నాకు అప్పుడూ తెలుసు. నాకు పోతుందనిపించింది వీసా కాదు, ఆ బల్ల దగ్గర చోటు. "దీని కన్ను పదును" అన్న మాట. దాన్ని కాపాడుకోవడానికి ఆవిడ కన్నునే తీసేశాను.

తర్వాత ఏం జరిగిందో చెబుతాను. పెద్ద గొడవేం జరగలేదు. మేడం డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఏవో బొమ్మలు చూపించి, లెక్కలు అడిగి, ఏమీ లేదన్నారట. "అమ్మకి కూడా మొదట్లో ఏమీ లేదనే అన్నారు" అన్నారు మేడం ఇంటికొచ్చి. కళ్ల డాక్టరూ అదే చెప్పాడు. కారు నడపడం మానేశారు. డబ్బాల మీద చీటీలు అంటించారు, ఉప్పు, పంచదార, అని. పనిగదిలో రంగు కలిపేటప్పుడు ప్రతిసారీ నన్ను పిలిచేవారు. "నువ్వు చూసి చెప్పు, ఇది నిన్నటిదేనా?" నేను చెప్పేదాన్ని. ఒక ఆరునెలలు ఆ గదిలో రంగులన్నీ నేనే తేల్చాను.

ఆ ఆరునెలలూ నాకు బాగానే ఉంది. ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. కొట్టేద్దామనుకున్నాను. కానీ అది నిజం. లోపల దిగులు ఉంటూనే, పైన హాయిగా ఉండేది. మనిషి ఇంత నీచంగా ఉండగలదా? ఉండగలదు.

తర్వాత ఆవిడ రంగులు మానేసి, నలుపు ఒక్కదాంతోనే రెండు అచ్చులు తీశారు. నలుపైతే తప్పు పోదు కదా అన్నారు. ఆ పైన అదీ మానేశారు. ప్రెస్సుని ఒక బడికి ఇచ్చేశారు. పనిగదిలో మళ్లీ కారు పెట్టారు, నడిపేవాళ్లు లేని కారు. ఏడేళ్లు గడిచాయి. మేడం మతి ఏమీ పోలేదు. నాకన్నా బాగా గుర్తుంటాయి అన్నీ. పోయింది నమ్మకం.

చెప్పేద్దామా అని సుగుణని అడిగితే, "చెప్పి ఏం బావుకుంటావే? వీసా క్యాన్సిల్ చేసి ఫ్లైటెక్కిస్తారు. అయిపోయిందేదో అయిపోయింది, నోర్మూసుకో" అంది. కుక్కిన పేనులా పడి ఉన్నాను.

పోయిన నెలలో మనామా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. బొమ్మల గ్యాలరీలో పని చేస్తుందట. మేడం పాతపనులు చూసి ముచ్చటపడి, ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కొత్తది తీసివ్వమని బతిమాలింది. "నా కంటికి నేనే సాక్ష్యం చెప్పుకోలేను. ఏం తీస్తాను?" అన్నారు మేడం. ఆ పిల్ల వెళ్లిపోయింది. మేడం వంటగదిలోకి వచ్చారు. బుట్టలోంచి ఒక టమాటా తీసి నాకు చూపించి, "ఇది పండిందా, నువ్వు చూసి చెప్పు" అన్నారు. వేళాకోళానికి కాదు. నిజంగానే అడిగారు.

ఇంక నావల్ల కాలేదు. మర్నాడు పొద్దున టీ ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుని, అంతా చెప్పాను. కిటికీ, దుమ్ము, బొట్టు, పొయ్యి, అక్షరాలు, పాల మాట. ఒక్కటీ దాచలేదు. "మీకు కనిపించింది నిజం మేడం. అది మీ రంగు కాదు. నేను మార్చాను" అన్నాను. తిడతారు, కొడతారు, పొమ్మంటారు, ఏదైనా సరే అనుకున్నాను.

మేడం చివరిదాకా విన్నారు. తర్వాత నవ్వారు. చల్లగా, ప్రేమగా.

"మా అమ్మ రోజూ అడిగేది గుర్తుందా? నాన్న సముద్రం నుంచి వచ్చాడా అని?"

గుర్తుంది. భర్త పోయి ముప్పై ఏళ్లయినా ఆ పెద్దావిడ రోజూ మధ్యాహ్నం అడిగేవారు. "దారిలో ఉన్నారు, చేపలు తెస్తున్నారు" అని నా వచ్చీరాని అరబ్బీలో చెప్పేదాన్ని. ఆవిడ నిమ్మళించి పడుకునేవారు.

"తలుపు వెనక నిలబడి వినేదాన్ని" అన్నారు మేడం. "నా నోట రాని అబద్ధం నువ్వెంత అక్కరగా చెప్పేదానివో. ఇప్పుడు నా వంతు వచ్చింది. నాకూ చెబుతున్నావు."

"కాదు మేడం! నా కూతురి మీద ఒట్టు."

నా నోటి మీద చెయ్యి పెట్టారు. "బిడ్డల మీద ఒట్టు వెయ్యకు. సరే, ఆ కాగితం ఏది?"

"కాల్చేశానన్నాను కదా."

అవునులే అన్నట్టు తలూపారు. నా చెంప నిమిరారు. "అమ్మకి మూడేళ్లు అన్నం తినిపించినదానివి నువ్వు. నువ్వు నన్నలా చేస్తావా? ఖలాస్. ఇంక ఈ మాట వద్దు."

వారం తర్వాత మళ్లీ చెప్పాను. ఈసారి మేడం కళ్లనీళ్లు పెట్టుకున్నారు, నా మంచితనానికి. ఆ సాయంత్రమే వాళ్లక్కకి ఫోన్ చేసి చెబుతుంటే విన్నాను: "నా మతి పోలేదని నన్ను నమ్మించడానికి పాపం తప్పంతా తన మీద వేసుకుంటోంది. ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది?" సుగుణకి చెబితే, "దేవుడే నిన్ను తప్పించాడే" అంది. ఏం తప్పించాడు? ఆవిడ టమాటా పట్టుకుని నన్ను అడుగుతూనే ఉన్నారు.

అందుకే మీకు రాస్తున్నాను. మీకు నేను అన్నం తినిపించలేదు. నేను మంచిదాన్నని మీకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి మీరు నమ్ముతారు. రంగు మార్చింది నేను. కాగితం కాల్చింది నేను. పాల మాట అన్నది నేను, తెలిసే అన్నాను. ఆవిడకి ఆరోజు కనిపించింది కనిపించినట్టే ఉంది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.